నేను దేన్ని వెలిగించానో చెప్పండి: వేప్ మీద ఒక వార్నింగ్ లెటర్ కేసు

కంపెనీలకు ఉద్యోగ నియమావళి రాసివ్వడం, దాని మీద గొడవ వస్తే రెండు వైపుల వాళ్లతో కూర్చుని తేల్చడం నా పని. పొగ తాగడం గురించిన నియమం మీద నేను చాలా ఏళ్లు పెద్దగా బుర్ర పెట్టిందే లేదు. చట్టమే అంతా చెప్పేస్తుంది, దాన్నే నాలుగు ముక్కల్లో రాసి గోడకు అంటిస్తే సరిపోతుంది అనుకునేవాణ్ణి. ఆ ధీమా ఈ కేసుతో పోయింది. ఇందులో నేనిచ్చిన మొదటి సలహా వల్ల ఒక మనిషికి నష్టం జరిగింది, అందుకే దీన్ని దాచుకోకుండా రాస్తున్నాను. మనుషులు, పదవులు, కార్యాలయం వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. చట్టాల సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టే.

నేపథ్యం

ఓ మధ్యస్థాయి కంపెనీ. ప్రధాన కార్యాలయం ఇంగ్లండ్‌లో, మిగతావి ఫ్రాన్స్, భారత్, సింగపూర్‌లలో. నాలుగు చోట్లకూ కలిపి ఒకటే నియమావళి. అందులో పొగ గురించి ఉన్నది ఒక్క వాక్యం: "చట్టప్రకారం మా కార్యాలయాలన్నింటిలో పొగ తాగడం నిషేధం." వేప్‌లు (బ్యాటరీతో పనిచేసే ఎలక్ట్రానిక్ సిగరెట్లు) ఇంతగా రాకముందు రాసిన వాక్యం అది, ఏళ్ల తరబడి ఎవరికీ ఇబ్బంది పెట్టలేదు.

కేసులో ఇద్దరు మనుషులు, ఇద్దరూ ఇంగ్లండ్ కార్యాలయంలోనే. ఆయన ఇరవై ఏళ్లు సిగరెట్ తాగి, రెండుసార్లు మానేయబోయి మళ్లీ మొదలుపెట్టి, మూడోసారి వేప్ పట్టుకుని ఎనిమిది నెలలుగా సిగరెట్ ముట్టని మనిషి. ఆవిడకు చిన్నప్పటి నుంచి ఆస్తమా, ఇన్హేలర్ ఎప్పుడూ డెస్క్ మీదే ఉంటుంది. నేను ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాను. ఒకరిని మంచి, ఒకరిని చెడు అనుకునే కేసు కాదిది, ఇద్దరూ తమ ఊపిరితిత్తుల కోసమే పోరాడుతున్నారు.

సమస్య ఎలా మొదలైంది

చిన్న మీటింగ్ రూమ్‌లో తలుపు వేసుకుని ఆయన వేప్ తాగేవాడు. తర్వాత అదే రూమ్‌లో ఆవిడ మీటింగ్. లోపలికి అడుగుపెడితే తియ్యటి వాసన, ఛాతీ పట్టేసినట్టు ఉండేదని ఆవిడ చెప్పింది. రెండుసార్లు ఆయనకే నేరుగా చెప్పింది. ఆయన నిజంగానే అది ఒట్టి నీటి ఆవిరి అనుకున్నాడు, "ఆవిరే కదండీ" అని సర్దిచెప్పాడు. చాలామంది అలాగే అనుకుంటారు గానీ అది నీటి ఆవిరి కాదు. ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, వాసన కోసం కలిపే రసాయనాలు సన్నటి తుంపరగా మారి గాల్లోకి వస్తాయి.

మూడోసారి టాయిలెట్‌లో తాగాడు. పైన ఉన్న పొగ డిటెక్టర్‌కు తుంపరకూ పొగకూ తేడా తెలియలేదు, అలారం మోగింది, బిల్డింగ్ మొత్తం ఖాళీ చేసి అందరూ రోడ్డు మీద నిలబడ్డారు. మర్నాడు హెచ్‌ఆర్ నుంచి ఆయనకు ఉత్తరం వెళ్లింది: పొగ నిషేధ చట్టాన్ని ఉల్లంఘించారు, ఇదే ఆఖరి హెచ్చరిక.

ఆయన జవాబు ఒకే కాగితం. పొగ నిషేధం తెచ్చిన 2006 నాటి ఆరోగ్య చట్టంలో పొగ తాగడం అంటే ఏమిటో చెప్పే భాగాన్ని ప్రింట్ తీసి, "వెలిగించిన" అనే మాట వచ్చిన ప్రతిచోటా నీలం పెన్నుతో రెండు గీతలు గీశాడు. గట్టిగా ఒత్తి గీసినట్టున్నాడు, ఒకచోట కాగితం చిరిగింది కూడా. కింద చేతిరాతతో ఒక్క లైను: "నేను దేన్ని వెలిగించానో చెప్పండి." ఆ కాగితంతోనే కేసు నా దగ్గరికి వచ్చింది.

ఉత్తరం నిలుస్తుందా?

ముందు తేల్చాల్సింది ఇదే. ఆ 2006 చట్టం కింద ఇంగ్లండ్‌లో 2007 జూలై 1 నుంచి మూసి ఉన్న బహిరంగ ప్రదేశాల్లో, పని ప్రదేశాల్లో పొగ నిషేధం ఉంది. ఆ చట్టం నిర్వచనం చిన్నదేమీ కాదు. పీల్చకపోయినా సరే, వెలిగించిన సిగరెట్ చేతిలో ఉంటే చాలు, పొగ తాగినట్టే లెక్క. పొగాకు లేని మూలికల సిగరెట్ అయినా తప్పించుకోలేదు. అంత వెడల్పుగా వల వేసినా, మొత్తం నిలబడింది మాత్రం నిప్పు మీదే. వెలగాలి. వేప్‌లో ఏదీ వెలగదు, బ్యాటరీ ఒక తీగచుట్టను వేడి చేస్తుంది, ద్రవం తుంపర అవుతుంది, అంతే. కాబట్టి ఆయన గీసిన గీత సరైన చోటే ఉంది, ఉత్తరం తప్పు.

వెనక్కి తీసుకోండి అన్నాను. కంపెనీ ఒప్పుకోలేదు. "చట్టం ఉద్దేశం అదే కదండీ, అప్పట్లో వేప్ లేదు కాబట్టి రాయలేదు" అన్నారు. ఈ వాదన వినడానికి బాగుంటుంది, నాతో ఎంతమంది అన్నారో లెక్కలేదు. దీనికి నేను ఎప్పుడూ చూపించేది ఫ్రాన్స్ కేసు. రైల్వే స్టేషన్‌లో వేప్ తాగినందుకు ఒకతని మీద కేసు పెట్టారు, అది ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 2014 నవంబరు 26న కోర్టు చెప్పింది ఏమిటంటే, పొగ నిషేధాన్ని ఈ పరికరానికి వర్తింపజేయలేం, ఇందులో ద్రవం కాలడం లేదు. శిక్ష వేసే చట్టాన్ని దాని మాటల్లోనే చదవాలి, ఉద్దేశం ఊహించి సాగదీయకూడదు. ఆ తర్వాత ఫ్రాన్స్ ఏం చేసిందో చూడండి, వేప్ కోసం విడిగా నియమం రాసుకుంది. 2017 అక్టోబరు 1 నుంచి స్కూళ్లలో, మూసి ఉన్న ప్రజా రవాణా వాహనాల్లో, నలుగురూ కలిసి పనిచేసే మూసిన గదుల్లో వేప్ నిషేధం. వేప్‌ను ఆపాలనుకున్న ప్రభుత్వాలు ఆ మాట రాసి మరీ ఆపాయి. కాలిఫోర్నియా 2016 జూన్‌లో పొగ తాగడం అనే నిర్వచనంలోనే వేప్‌ను చేర్చింది, న్యూజిలాండ్ 2020 నవంబరులో పొగ నిషేధం ఉన్న లోపలి ప్రదేశాలకు వేప్ నిషేధాన్ని కూడా జత చేసింది. 2006 నాటి ఇంగ్లండ్ చట్టంలో ఆ మాట లేదు. బ్రిటన్ పార్లమెంటు ముందుకు 2024 నవంబరులో వచ్చిన బిల్లులో కొన్ని ప్రదేశాలను వేప్ రహితం చేసే అధికారం కోసం ప్రత్యేకంగా సెక్షన్లు పెట్టారంటేనే, పాత చట్టంలో ఆ అధికారం లేదని అర్థం.

ఉత్తరం వెనక్కి వెళ్లింది. అంటే ఆయన గెలిచినట్టా? కాదు. ఆవిడ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "చట్టంలో నిప్పు ఉందో నీళ్లు ఉన్నాయో నాకెందుకండీ, ఆ గదిలో నాకు ఊపిరాడటం లేదు." ఆవిడదీ న్యాయమే. చట్టం వద్దనలేదు అంటే చేసుకోమని హక్కు ఇచ్చినట్టు కాదు. ఇంగ్లండ్‌లో 1974 నాటి పని ప్రదేశాల ఆరోగ్య, భద్రత చట్టం కింద ఉద్యోగుల ఆరోగ్యాన్ని సహేతుకంగా సాధ్యమైనంత మేరకు కాపాడే బాధ్యత యజమానిది. ఆ బాధ్యత ఆధారంగా, తన భవనంలో వేప్ వద్దని కంపెనీ సొంతంగా నియమం పెట్టుకోవచ్చు. అది చట్టం పేరుతో కాకుండా కంపెనీ పేరుతో రావాలి. ఈ రెండింటికీ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది, మనిషి చేతికి ఉత్తరం అందినప్పుడు తెలుస్తుంది ఎంత పెద్దదో. చేయని నేరం చేశావని అంటే ఎవరైనా పెన్ను తీస్తారు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

అప్పుడు నేను సులువైన దారి పట్టాను. నియమావళిలో ఒక్క వాక్యం కలపమన్నాను: "ఈ నియమావళిలో పొగ తాగడం అంటే వేప్ తాగడం కూడా." కారణాలు అప్పటికి బాగానే తోచాయి. ఎవరికైనా అర్థమవుతుంది, కాలిఫోర్నియా చేసింది కూడా దాదాపు ఇదే, ఆవిడకు వెంటనే రక్షణ దొరుకుతుంది, వాదనకు సందు ఉండదు. కంపెనీ ఆ వారమే నాలుగు దేశాలకూ మెయిల్ పంపింది.

వేప్ తాగడం పొగ తాగడమే అయినప్పుడు, వేప్ తాగేవాళ్లు ఎక్కడికి వెళ్లాలి? పొగ తాగేవాళ్ల షెడ్డులోకి. నేను రాసిన వాక్యంలోంచి నేరుగా వచ్చే ఫలితం అది, నేను మాత్రం అంత దూరం ఆలోచించలేదు. ఆయన రోజుకు మూడుసార్లు ఆ షెడ్డులో సిగరెట్ తాగే ఆరుగురి మధ్య నిలబడ్డాడు. చలిలో, అదే పాత వాసనలో, తన పాత బ్రాండ్ ఎదుటివాళ్ల చేతుల్లో చూస్తూ. ఆరు వారాల తర్వాత రివ్యూ మీటింగ్‌కు వచ్చినప్పుడు చొక్కా జేబులో సిగరెట్ పెట్టె ఉంది. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు: "ఎనిమిది నెలలు వాటికి దూరంగా ఉన్నానండీ. మీరే రోజూ అక్కడికి పంపించారు."

నా దగ్గర జవాబు లేదు. ఇంకా బాధ ఏమిటంటే, ఈ ప్రమాదం గురించి హెచ్చరిక అప్పటికే ఉంది. ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2016 జూలైలో పని ప్రదేశాల కోసం ఇచ్చిన సలహాలో మొదటి సూత్రమే వేప్‌నూ సిగరెట్‌నూ ఒకే గాటన కట్టొద్దని. సిగరెట్ మానడానికి వేప్ వాడుతున్నవాళ్లను పొగ తాగేవాళ్ల మధ్యకు పంపకూడదని కూడా అందులో ఉంది. నేను దాన్ని చదివాను. అది డాక్టర్ల సంగతి, నా పని చట్టం అనుకుని పక్కన పెట్టాను. ఆ గీత గీసుకోవడమే నేను చేసిన అసలు పొరపాటు.

రెండో ప్రయత్నం, ఇంకో వైపు పడ్డాం

ఆ మీటింగ్ తర్వాత కంపెనీ నా కంటే ఎక్కువ కంగారు పడింది. వేప్ తాగేవాళ్లకు విడిగా ఒక చోటు ఇద్దామనుకున్నారు, ఆలోచన మంచిదే. ఇంగ్లండ్‌లో డాబా మీద ఒక మూల చూసి "ఇక్కడ వేప్ తాగవచ్చు" అని బోర్డు డిజైన్ చేయించి, నన్ను అడగకుండానే అదే బోర్డు మిగతా మూడు కార్యాలయాలకూ పంపేశారు.

సింగపూర్ మేనేజర్ నాకు నేరుగా ఫోన్ చేసింది. "ఈ బోర్డు నేను గోడకు పెట్టాలా? ఇక్కడ వేప్ జేబులో ఉన్నా నేరమేనండీ." ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అక్కడ 2018 ఫిబ్రవరి 1 నుంచి వేప్ కొనడం, వాడటం, దగ్గర ఉంచుకోవడం మూడూ నేరమే. ఆ బోర్డు గోడ మీదకు ఎక్కి ఉంటే, నేరం ఇక్కడ చేసుకోండి అని కంపెనీ ఉద్యోగులకు చోటు చూపించినట్టు అయ్యేది.

భారత్ సంగతి ఇంకా ఆలోచించాల్సింది, ఇక్కడ కాస్త ఆగుతాను. అక్కడ సిగరెట్‌కూ వేప్‌కూ చట్టం చూసే చూపే పూర్తిగా వేరు. సిగరెట్ విషయంలో చట్టం చూసేది చోటును. 2003 నాటి పొగాకు చట్టంలో 4వ సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ వద్దంటుంది, 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆఫీసులను కూడా అందులో చేర్చాయి. పెద్దవాళ్లకు అమ్మకం చట్టబద్ధమే, ఇక్కడ ఆంక్ష తాగే చోటు మీద. వేప్ విషయంలో చట్టం చూసేది వస్తువును. 2019 నాటి నిషేధ చట్టం తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలను పట్టుకుంది. మొదటిసారి అమ్మితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఆ పొడవైన జాబితాలో "తాగడం" అనే మాట లేదు. 2003 చట్టానికి వెళ్దామా అంటే, అందులో పొగ తాగడం అంటే పొగాకును ఏ రూపంలోనైనా తాగడం. వేప్ ద్రవంలో నికోటిన్ ఉంటుంది గానీ పొగాకు ఆకు ఉండదు. అంటే దుకాణంలో దొరికే సిగరెట్‌ను ఆఫీసులో తాగితే జరిమానా, అసలు అమ్మనే కూడని వస్తువును ఆఫీసులో తాగితే ఏ సెక్షన్ అన్నది వాదన.

ఈ సందు చూసి "మరి భారత్‌లో వేప్ తాగొచ్చుగా" అన్నాడు ఒక డైరెక్టర్. తాగొచ్చు అని నేను చెప్పలేదు. సొంతానికి ఒకటి దగ్గర పెట్టుకోవడం నిల్వ కిందికి వస్తుందా రాదా అన్న వాదన ఉంది, ఆ వాదనకు మీ ఉద్యోగిని పరీక్ష కేసుగా నిలబెడతారా అని అడిగాను. పైగా కంపెనీ భవనంలో బోర్డు పెట్టి ప్రోత్సహించడం వేరే సంగతి. బోర్డులన్నీ వెనక్కి తెప్పించాం.

పనిచేసింది ఏమిటి

ఈసారి నేను వాక్యం రాయడానికి కూర్చోలేదు, ముందు ప్రశ్నలను విడదీశాను. ఈ దేశంలో ఆ వస్తువు ఉండొచ్చా? ఉండొచ్చు అంటే, ఎక్కడ వాడకూడదని చట్టం చెబుతోంది? చట్టం ఏమీ చెప్పని చోట కంపెనీ ఏం కోరుకుంటోంది, ఎందుకు? మేం చేసిన తప్పులన్నీ ఈ మూడింటినీ ఒక్క వాక్యంలో కుక్కబోయి చేసినవే. మొదటి ఉత్తరం కంపెనీ కోరికను చట్టం అంది. నా వాక్యం హానిలో తేడా ఉన్న రెండు పనులను ఒకటి చేసింది. బోర్డు ఒక దేశపు అనుమతిని ఇంకో దేశానికి మోసుకెళ్లింది.

నాలుగు దేశాలకూ ఉమ్మడిగా ఒక్క నియమమే ఉంచాం, అదీ వస్తువు పేరుతో కాదు, పని పేరుతో: ఏ పరికరంతోనైనా సరే, లోపలికి పీల్చి గాల్లోకి వదిలే పని భవనం లోపల వద్దు. పక్కనే కారణం కూడా రాశాం, పక్కవాళ్ల ఊపిరి, ఫైర్ అలారం. ఇన్హేలర్ లాంటి మందులకు మినహాయింపు అని తప్పనిసరిగా చేర్చాం, అది గుర్తుచేసింది ఆస్తమా ఉన్న ఆవిడే. రెండు నెలలకే ఒకతను పొగాకును కాల్చకుండా వేడి చేసే పరికరం తెచ్చాడు, అందులో పొగాకు ఉంది గానీ నిప్పు లేదు, వస్తువుల పేర్లతో నియమం రాసి ఉంటే మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం.

తర్వాత దేశానికొక పేజీ. ఇంగ్లండ్ పేజీలో "చట్టం" అనే మాట సిగరెట్ పక్కన మాత్రమే ఉంది, వేప్ పక్కన "కంపెనీ నియమం" అని ఉంది. వేప్ మూల సిగరెట్ షెడ్డుకు కనపడనంత దూరంలో, కిటికీలకూ తలుపులకూ ఎడంగా. ఫ్రాన్స్‌లో ఉమ్మడి గదుల్లో చట్టమే వద్దంటోంది కాబట్టి అక్కడి పేజీలో ఆ మాట ధైర్యంగా రాశాం. సింగపూర్, భారత్ పేజీల్లో వేప్‌కు చోటు అన్న ప్రస్తావనే లేదు, వస్తువు తేవద్దు అని మాత్రమే ఉంది.

ప్రయాణాల గురించి పెట్టిన అర పేజీ అన్నిటికంటే ముందు ఉపయోగపడింది. విమానంలో వేప్‌ను చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, లోపల చార్జింగ్ పెట్టకూడదు అని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే చెప్పింది, లిథియం బ్యాటరీ మంటల భయం వల్ల. ఆ పేజీ వెళ్లిన వారంలోనే ఇంగ్లండ్ ఉద్యోగి ఒకరు మెయిల్ పెట్టారు, మరుసటి సోమవారం సింగపూర్ వెళ్తున్నానని, వేప్ ఎప్పటిలాగే బ్యాగులో వేసుకోబోయానని.

ఇద్దరి మధ్య మాట కూడా కుదిర్చాం. చట్టం ఉల్లంఘించినందుకు కాకుండా, సహోద్యోగి రెండుసార్లు అడిగినా పట్టించుకోనందుకు ఆయనకు చిన్న నోట్ ఇచ్చారు, ఆయన మారుమాట లేకుండా సంతకం పెట్టి ఆవిడకు సారీ చెప్పాడు. మొదటి ఉత్తరానికి కాగితం చిరిగేలా గీతలు గీసిన మనిషే.

ఇలాంటి కేసు చేతికొస్తే

నిర్వచనం చదవండి, అదీ మొదట చదవండి. నేను చూసినంతలో చట్టాలు మూడు రకాలుగా పట్టుకుంటున్నాయి: కొన్ని నిప్పును, కొన్ని పొగాకును, కొన్ని పరికరాన్ని పేరు పెట్టి. మీ దేశం దేన్ని పట్టుకుందో తెలియకుండా "చట్టప్రకారం" అని రాయకండి.

హాని గురించి కూడా తెలిసి రాయండి. సిగరెట్ పీల్చనప్పుడు కూడా కొసన కాలుతూనే ఉంటుంది, పక్కవాళ్ల మీదకు వెళ్లే పొగలో ఎక్కువ భాగం ఆ కొస నుంచి వచ్చేదే. వేప్‌కు ఆ కొస లేదు, పీల్చి వదిలినప్పుడే బయటికి వస్తుంది. పక్కవాళ్లకు చేరేది సిగరెట్ పొగ కంటే తక్కువ, కానీ సున్నా కాదు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ తక్కువే ఎక్కువ కావచ్చు. చట్టాలు ఇన్ని రకాలుగా చీలిపోవడానికి ఒక కారణం ఇదే అనుకుంటాను. ఒక ప్రభుత్వానికి వేప్ అంటే సిగరెట్ మాన్పించే సాధనం, ఇంకో ప్రభుత్వానికి పిల్లలకు నికోటిన్ అలవాటు చేసే ద్వారం, రెండు అభిప్రాయాలకూ ఆధారం ఉంది.

ఆయన సిగరెట్ మళ్లీ మానడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు నా ఖాతాలోనివే.

కిందటిసారి ఇంగ్లండ్ కార్యాలయానికి వెళ్లినప్పుడు తలుపు దగ్గర ఇప్పుడు రెండు బోర్డులు కనిపించాయి. పైన ఎర్ర గుండ్రంలో సిగరెట్ బొమ్మ, లోపల పొగ తాగడం చట్టవిరుద్ధం అని. దాని కింద విడిగా ఇంకొకటి, చిన్న అక్షరాల్లో: లోపల వేప్ తాగవద్దని మనవి, డాబా మీద చోటు ఉంది. కింద కంపెనీ పేరు ఉంది.